ఎదురుకాళ్ల రత్నం

నరసరావుపేట, జూన్ 10

ప్రియమైన రత్నానికి,

ఫోన్లో ఎంత అరిచినా నీ చెవికి ఎక్కడం లేదు, అందుకే ఈ ఉత్తరం. నా నడుముకి రాడ్లు, స్క్రూలు వేసి మూడు నెలలైంది. కింది నొప్పి పోయింది. పది రోజులుగా రాడ్లకి పైన, జాకెట్టు అంచు దగ్గర కొత్త నొప్పి. మంచం మీంచి లేవాలంటే ప్రాణం పోతోంది. మా అబ్బాయి జమీర్‌కి చెబితే మళ్లీ ఆసుపత్రికి లాక్కెళతాడు. మళ్లీ కోతంటే నాకు భయమే. ఇది ఉత్త పట్టే అయ్యుంటుంది. ఎదురుకాళ్లతో పుట్టినదానివి, రొంపిచెర్లలో నీ కాలు పడి పట్టు వదలని నడుముందా? వాడు మెకానిక్ షాపుకి పోయాక వచ్చి, ఒక్కసారి తొక్కిపో.

నీ కరీమున్నీసా

రొంపిచెర్ల, జూన్ 14

కరీమూ,

నేను తొక్కను. జమీర్‌కి చెప్పి ఎక్స్‌రే తీయించుకో.

రత్నం

నరసరావుపేట, జూన్ 18

ప్రియమైన అని రాయబుద్ధి కావడం లేదు.

ఊరందరికీ పెట్టిన కాలు నాకు పెట్టడానికి బరువైందా? అరవై ఏళ్ల స్నేహానికి రెండు ముక్కలా? సరేలే. పక్కింటి పింకీ కూడా ఎదురుకాళ్లదేనట. ఆదివారం పొద్దున రమ్మన్నాను.

కరీమున్నీసా

రొంపిచెర్ల, జూన్ 21

ప్రియమైన కరీమూ,

పోస్టయితే ఆదివారం దాటుతుందని మా మనవడు కాలేబు చేతికిచ్చి రేపు మొదటి బస్సుకి పంపుతున్నాను. పింకీని ఆపు.

మా ఆయన బాత్రూములో జారిపడ్డాడని నీతో చెప్పింది అబద్ధం. ఆయన నడుముకీ రాడ్లే వేశారు. రెండు నెలలకి పైన నొప్పన్నాడు. "నీ కాలుండగా డాక్టరెందుకే, తొక్కు" అన్నాడు. తొక్కాను. లోపల ఏదో పటుక్కుమంది. ఆయన మళ్లీ లేచి నిలబడలేదు. పోయేదాకా రెండేళ్లు నా చేత్తోనే అన్నం పెట్టాను. ఆ రోజు నుంచి ఈ కాలు ఎవరి మీదా పెట్టలేదు. సిగ్గుతో నీకు చెప్పుకోలేకపోయాను. నన్ను అసహ్యించుకున్నా సరే, నువ్వు బాగుండు.

రత్నం

నరసరావుపేట, జూన్ 25

ప్రియమైన నా రత్నానికి,

నేను బోర్లా పడుకున్నాను. పింకీ చెప్పులు విప్పి గోడ పట్టుకుంది. అప్పుడొచ్చాడు కాలేబు.

చదివి జమీర్‌ని పిలిచాను. రాడ్లకి పైనున్న పూస నలిగిపోయిందని ఎక్స్‌రేలో తేలింది. "ఎముకలు గుల్లబారాయమ్మా. రాడ్లున్నచోట వెన్ను వంగదు, ఆ బరువు పైపూస మీద పడింది. తొక్కించుకుంటే కాళ్లు పడిపోయేవి" అన్నాడు డాక్టరు. ఇప్పటికి బెల్టు, ఎముకలకి ఇంజెక్షన్లు. కోత లేదు.

పేరు చెప్పకుండా అన్నయ్య సంగతీ అడిగాను. "నొప్పి వచ్చిందంటే పూస అప్పటికే విరిగి ఉండొచ్చు. ఆ కాలు వల్ల ఎంత చెడిందో ఇప్పుడెవరూ చెప్పలేరు" అన్నాడు. నీ తప్పేమీ లేదని రాస్తే నువ్వు నమ్మవు. కానీ ఇన్నాళ్లూ ఆ బరువు ఒక్కదానివే మోశావు చూడు, అందుకు నాకు చానా కోపంగా ఉంది.

శుక్రవారం రావే. నా పక్కన కూర్చో చాలు. నవ్వితే ఈ బెల్టు గుచ్చుకుంటోంది గానీ ఏడవడానికి అడ్డం రాదు. అన్నయ్య కోసం నువ్వు ఇంకా ఏడవనే లేదు కదా.

నీ రాకకి తలుపు తీసి ఉంచే
కరీమూ