అరికాలి చుక్క

ఆగస్టు 3, విరుదునగర్

నాకు భయం ఎక్కువని అందరూ తీర్మానించేశారు. పాప కాలికి, గుండె, ఊపిరి కొలిచే ఆ సాక్ తొడగడం నా పిరికితనమంట. నేను అడగనే లేదు. కొన్నది శ్రీనివాసన్. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆఫీసులో కూర్చుని, పుట్టింట్లో ఉన్న పెళ్లాన్నీ బిడ్డనూ ఫోన్‌లో చూసుకోవడానికి. నిద్ర, గుండె, ఆక్సిజన్, అన్నీ అతని యాప్‌లోకి పోతాయి. వాళ్లమ్మ ఫోన్‌లో కూడా వేసిపెట్టాడు. భయం ఎవరిది?

ఆగస్టు 6

మధ్యాహ్నం పాప కళ్లు తెరిచిందో లేదో అత్త ఫోన్. బిడ్డ లేచిందే, నువ్వేం చేస్తా ఉండావు, సెల్లు నొక్కుకుంటా ఉండావా అని. పాలిస్తున్నానన్నాను. నిన్న ఈ యాలకి బాగా నిద్రపోతా ఉండెనే అంది. నేను ఫిజిక్స్ చదివాను. మా ల్యాబ్‌లో కూడా ఇంత ఇన్‌స్పెక్షన్ లేదు.

ఆగస్టు 7

స్నానానికి పోయాను. పాప లేచిన సంగతి నాకన్నా ముందు కోవిల్‌పట్టికి తెలిసింది.

ఆగస్టు 11

వీడియో కాల్‌లో అత్త ఆర్డర్. వచ్చేపోయేవాళ్ల కండ్లు పడతా ఉండాయి, చెంప మీద చుక్క చాలదు, అరికాలికి కాటుక మై పెట్టండి అని. ఆ కాలికి సాక్ ఉందన్నాను. చదువుకున్నదాని బిడ్డకు దిష్టి తగలదా ఏమి అంది. గొడవెందుకులే అని అమ్మ కాటుక తీసి ఇంత పెద్ద చుక్క పెట్టి, పైన సాక్ తొడిగింది.

ఆగస్టు 12

సాక్ కూసింది. ఎర్ర లైటు. ఆక్సిజన్ పడిపోయిందంట. పరుగున పోయాను. ఎత్తుకుంటే పాప పిడికిలి నోట్లో పెట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వు పూర్తిగా చూసేలోపే శ్రీనివాసన్ ఫోన్‌లో అరుపులు, ఎక్కడ చచ్చావని. సాయంత్రానికి తల్లీకొడుకులు కారులో దిగారు. అందరం క్లినిక్‌కి పోయాం. డాక్టర్ తన క్లిప్ పెట్టి చూసి, బిడ్డకేమీ లేదన్నాడు. అత్త డాక్టర్ని చూడలేదు, నన్ను చూసింది. అయిదో నెల దాకా పుట్టింట ఉంచేది మన వాడుకే, అయినా ఇట్టాంటి తల్లి దగ్గిర బిడ్డను ఎట్ట విడిచేది అంది. శుక్రవారం మీ ఇద్దరికీ కారు పంపుతానన్నాడు శ్రీనివాసన్.

ఇట్టాంటి తల్లి. అమ్మ తలవంచుకుని నిలబడింది. అమ్మ మీద కూడా కోపం వచ్చింది.

ఆగస్టు 13

సాక్ తిరగేసి చూశాను. లైటు వచ్చే చోటంతా నల్లగా మై. ఆ లైటు చర్మంలోకి పోతేనే లెక్క. తుడిచాను. పాప కాలు కూడా తుడిచి తొడిగి, చార్జర్ మీద ఆక్సిజన్ అంకె చూశాను. తొంభై తొమ్మిది. మళ్లీ మై పూశాను. కూత. తుడిచాను. తొంభై తొమ్మిది. ఫోటోలు తీసి ఇద్దరికీ పంపాను.

శ్రీనివాసన్: సరే, ఇంక మై వద్దు. శుక్రవారం రెడీగా ఉండు.

అత్త: నేను పెట్టమన్న చుక్క నా మనవరాలికి కీడు చేస్తాదా? నీకు తొడిగేది తెలీలేదు.

తప్పు మాదని ఒక్కరూ అనలేదు.

ఆగస్టు 16

కారు వచ్చింది. సాక్, చార్జర్ డ్రైవర్ చేతికిచ్చాను. అవి కోవిల్‌పట్టికి పోయాయి, కాలు లేకుండా.

పాప అరికాలికి చుక్క నేనే పెట్టాను. నిద్రపోతోంది. పక్కనే కూర్చుని చూస్తున్నాను.

అయిదో నెల నిండినా పోను. ఆ యాప్ తీసేసేదాకా పోను.