ఒక్క పళ్లెంలో తినే పిల్లలు

బిడిబిడి శరణార్థి శిబిరం, మూడో జోన్,
2018 జూన్ 11, సోమవారం.

ప్రియమైన జొకుడు అక్కకు,

తమ్ముడు లోమోరో నమస్కరించి రాసేది. ఇక్కడ నీ ముగ్గురు పిల్లలూ, నేనూ దేవుడి దయవల్ల కులాసా. కాజో-కేజీలో నువ్వూ అమ్మా బాగున్నారని, సైనికులు మన పెరడు వైపు రావడం లేదని తలుస్తాను. ఎండుచేపలు అమ్మే యెకా రేపు పొద్దున సైకిల్ మీద సరిహద్దు దాటుతున్నాడు. ఈ ఉత్తరం అతని చేతే పంపుతున్నాను.

"కిదెన్‌కు ఏమాత్రం నలతగా ఉన్నా కబురు పెట్టు, అమ్మ వచ్చినా రాకపోయినా నేను వచ్చేస్తాను" అని అమ్మను తేవడానికి వెళ్లేటప్పుడు చెప్పావు. అందుకే ముందు దాని సంగతి రాస్తున్నాను. కంగారు పడకు. పిల్ల ఒళ్లు చేస్తోంది.

నువ్వు వెళ్లిన మర్నాడే ఆరోగ్య కేంద్రంలో దాని జబ్బ చుట్టూ టేపు పెట్టి కొలిచారు. ఎరుపు గీత దగ్గర ఆగింది, అంటే పిల్ల బాగా చిక్కిపోయిందని. సిస్టర్ ఆయికోరు వారానికి సరిపడా వేరుశనగ ముద్ద పొట్లాలు నా చేతిలో పెట్టి, "ఇది తిండి కాదు నాయనా, మందు. ఈ పిల్ల ఒక్కతే తినాలి. మిగతావాళ్లకు వేలితో కూడా నాకించకు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. "మా వాకిట్లో ఆరుగురు పిల్లలూ ఒక్క పళ్లెంలో తింటారమ్మా. ఐదుగురి నోళ్లు కట్టేసి ఒకదానికి పెట్టమనే సాయం సాయమేనా? సాయం భిక్ష కాదు, హక్కు!" అని లైనంతా వినేలా అన్నాను. ఆ మాట చర్చి దగ్గర దొరికిన కరపత్రంలో ఉంది, నీకూ చదివి వినిపించాను గుర్తుందా? తల్లులు చప్పట్లు కొట్టారు. ఆవిడ మాత్రం, "ఉపన్యాసం అయిందా? పక్కకు జరుగు, వెనక నలభై మంది ఉన్నారు" అంది.

ఇంటికొచ్చి పొట్లాలు చించి, కిదెన్‌కూ దాని అన్నలిద్దరికీ పక్క పాక సూసన్నా పెద్దమ్మ మనవలు ముగ్గురికీ సమానంగా పంచాను. రోజూ అంతే. పెద్దమ్మ మురిసిపోయి, "మీ అక్క పోలికేరా నీది! ఈ వాకిట్లో ఏ పిల్లా చాటుగా తిని ఎరగదు" అంది. శిబిరంలో రేషను కోసినా మన పద్ధతి కోయలేకపోయారని నేనూ గర్వపడ్డాను.

ఇప్పుడు కిదెన్ బుగ్గలు నిండుగా ఉన్నాయి. పాదాలు కూడా ఉబ్బాయి, నువ్వు కొన్న చెప్పులు పట్టడం లేదు. జుట్టు కాస్త ఎర్రబడింది, ఎండవల్లే కావచ్చు. ఇదివరకటిలా పేచీలు పెట్టడం మానేసింది. ఎక్కడ కూర్చోబెడితే అక్కడే కూర్చుంటుంది. అన్నలు దాని ముందునుంచి ముద్ద లాక్కున్నా ఏడవదు. ఎంత బుద్ధిమంతురాలైందో చూడు.

మొన్న శుక్రవారం పెద్దమ్మ వచ్చి దాని పాదం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. "మళ్లీ ఆ సిస్టర్‌కు చూపించరా" అంది. "చూపిస్తే బాగుపడిందని పొట్లాలు ఆపేస్తారు. ఆరుగురి నోటి దగ్గరది పోతుంది" అన్నాను. ఆమె లేచి మనవలను పిలుచుకుని వెళ్లిపోయింది. అప్పటినుంచి వాళ్లను మన పళ్లెం దగ్గరికి పంపడం లేదు. కోపమేమో, తెలియదు.

కాబట్టి తొందరపడి రావద్దు. అమ్మను నిదానంగా ఒప్పించి తీసుకురా. ఇక్కడ నేనున్నాను.

నీ తమ్ముడు,
లోమోరో

తా.క. మంగళవారం సాయంత్రం. వానకు వాగు పొంగి యెకా ఆగిపోయాడు, అందుకే ఉత్తరం ఇంకా నా దగ్గరే ఉంది. పైన రాసింది నమ్మకు అక్కా. చింపేద్దామనుకున్నాను. కానీ నేనేం చేశానో నీకు తెలియాలి.

ఈ పొద్దున నేను నీళ్లకు వెళ్లినప్పుడు పెద్దమ్మ నన్ను అడక్కుండానే కిదెన్‌ను ఎత్తుకుని ఆరోగ్య కేంద్రానికి నడిచింది. తెలిసి నేనూ పరుగెత్తాను. సిస్టర్ దాని పాదం మీద బొటనవేలు నొక్కి తీసింది. గుంట అలాగే ఉండిపోయింది. "ఇది కండ కాదు, తిండి చాలక పట్టిన నీరు. రోజుకు ఎన్ని పొట్లాలు తింది?" అని అడిగింది. "అర" అన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

పొట్లం వెనక బొమ్మ ఉంటుందక్కా. ఒక్క పిల్ల తింటున్నట్టు ఒకటి, పక్కనే నలుగురు పంచుకుంటున్న బొమ్మ మీద అడ్డంగా గీత. మొదటి రోజే చూశాను. శుక్రవారం ఆ పాదాలు చూసినప్పుడే అనుమానం వచ్చింది కూడా. లైన్లో అంతమంది ముందు అన్న మాటను మళ్లీ ఆ లైన్లోనే నిలబడి తప్పని ఒప్పుకోలేకపోయాను. అందుకే నీకు ఒళ్లు చేస్తోందని రాశాను.

ఇప్పుడు కిదెన్ వార్డులో ఉంది. చెంచాతో పాలు పోస్తున్నారు, సగం బయటికే వస్తున్నాయి. రేపటిదాకా ఏమీ చెప్పలేనన్నాడు డాక్టరు. అమ్మ రానంటే అక్కడే వదిలేసి రా. యెకా సైకిల్ వెనక కూర్చుని వచ్చెయ్. దారిలో మనవాళ్లెవరైనా ఎదురై ఏదైనా చెప్పబోతే ఆగి వినకు. వచ్చెయ్.