నేతగాడి సమాధికి ఎర్ర చామంతులు

లియోన్,
3 నవంబర్ 1936

ప్రియమైన జెలీ అక్కకు,

తమ్ముడు ఫెర్రియోల్ నమస్కారాలు. నువ్వూ, బావా, పాపా చల్లగా ఉండాలని ఏ దేవుణ్ణీ అడగకుండానే గట్టిగా కోరుకుంటున్నాను. ఇక్కడ నేను క్షేమం. క్షేమమేమిటి, గెలిచాను!

మన కొండమీది శ్మశానంలో ఆంతెల్మ్ పెరషోన్ సమాధి గుర్తుందిగా? పగలు పట్టు నేసి, రాత్రుళ్లు యజమానులనీ ఫాదర్లనీ ఏకిపారేస్తూ పాటలు కట్టిన మన నేతగాడు. మొన్న వసంతంలో మున్సిపాలిటీవాళ్లు దాని మీద బోర్డు పెట్టారు: దిక్కులేని సమాధి, ఈ ఏడూ ఇలాగే ఉంటే తవ్వి, ఎముకలు ఉమ్మడి గోతిలో వేస్తాం అని. దిక్కులేనిదట! కొండంతా ఆయన పాటలే పాడుతుంటే!

ఎందుకలా అయిందో తెలుసా? సకల పునీతుల పండుగకి ఊరంతా తమవాళ్ల సమాధుల మీద చామంతి కుండీలు పెడుతుంది. ఆయనకి మిగిలింది మా నాస్తిక సంఘమే, మేమేమో అది చర్చి ఆచారమని మొదట్నుంచీ ఒక్క పువ్వూ పెట్టలేదు. మర్నాడు తనిఖీకొచ్చే అధికారి ఏ సమాధికి దిక్కుందో తేల్చేది ఆ పూలను చూసే.

ఈసారి మనమూ పెడదామని సంఘంలో అన్నాను. ముసలి పిటియో విరుచుకుపడ్డాడు. "ఒరే పిల్లకాకీ, ఇవాళ చామంతులంటావు, రేపు కొవ్వొత్తులంటావు, ఎల్లుండి మోకాళ్ల మీద కూర్చుంటావు!" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. బల్ల ఎక్కి, "తాతా, నీ సిద్ధాంతం శుభ్రంగానే ఉంటుంది, ఆయన ఎముకలే గోతిలో ఉంటాయి. ఏది కావాలి?" అని అరిచాను. ఆఖరికి పిటియోనే, "సరే, ఏడువు. ఎర్రవైతేనే," అన్నాడు.

పండుగనాడు మేం గేటు దాటడం నువ్వు చూడాల్సింది! నేతగాళ్లందరం, చేతికొక ఎర్ర చామంతి కుండీతో, ఆయన పాటే పాడుకుంటూ. నల్లబట్టల ముసలమ్మ ఒకావిడ, "ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందిరా నాయనలారా," అని నవ్వింది. "బుద్ధి కాదమ్మా, ఎత్తుగడ!" అన్నాడు పిటియో. పల్లవి రాగానే ఆవిడా గొంతు కలిపింది. రాయి కనబడలేదక్కా, అంతా ఎరుపే. నిన్న అధికారి వచ్చి, చూసి, బోర్డు పీకించి పట్టుకెళ్లాడు. పిటియో నన్ను వాటేసుకుని ఏడ్చేశాడు.

ఇట్లు,
నేల మీద కాలు నిలవని నీ తమ్ముడు,
ఫెర్రియోల్

తా.క. ఇది చదివి చింపెయ్. కొండమీద ఎవరిని అడిగినా తెల్ల చామంతులే. ఎర్రవి ఉన్నది ఒక్క చర్చి తోటలో. తోటమాలి కామ్రేడ్ ఎవరో ఇచ్చాడని పిటియోకి చెప్పాను గానీ, సిగ్గు చంపుకుని వెళ్లింది ఫాదర్ దగ్గరికే. ఎవరికని అడిగితే చెప్పాను. "మమ్మల్ని తిట్టిన పాటొకటుందిగా, అది పాడితే ఇస్తా," అన్నాడు. పాడాను. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆఖరి కుండీ బండెక్కిస్తూ, నేను మొహమాటపడి వదిలేసిన చరణం తనే అందుకున్నాడు.