అక్కయ్య ఇల్లుండగా గదికి డబ్బులెందుకట

ఏమండీ, డ్యూటీకి వెళ్తున్నాను. పాలు చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. వాన వచ్చేలా ఉంది, మేడ మీద బట్టలు తెచ్చి మడతపెట్టండి. కుర్చీలో కుప్పపోసి చేతులు దులుపుకోకండి.

ఇక సెలవుల ప్రయాణానికి రాత్రి మీరు తేల్చిన లెక్క. దీవికెళ్తే పడవా, గదీ, భోజనం కలిసి తడిసి మోపెడవుతుందన్నారు. నగరమైతే రైలు ఛార్జీలతో సరి, "అక్కయ్య ఇల్లుండగా గదికి డబ్బులు తగలేస్తామా?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే గురక మొదలెట్టారు.

పోయినసారీ అక్కడే కదా దిగాం. మీరూ మీ బావగారూ ఊరంతా తిరిగొచ్చారు. నేను చూసిన నగరం ఏమిటో తెలుసా? వదినగారి వంటింటి కిటికీ, దాని అవతల పక్కింటివాళ్ల నీళ్ల ట్యాంకు. ఆవిడ నడుంనొప్పి నేను గడప తొక్కితేగానీ మొదలవదు, పాపం! ఏడాది పొడుగునా వార్డులో నిలబడే ఈ కాళ్లు సెలవుల్లో కూడా ఆ పొయ్యి ముందే నిలబడాలా? నా చాకిరీ మీ లెక్కలో ఏ పక్కన వేశారు? వెయ్యలేదు. అందుకే మీకు నగరం అంత చవగ్గా కనబడింది.

దీవికి పడవ టిక్కెట్లు రెండు తీసుకున్నాను. మళ్లీ లెక్కలు చెప్పారంటే ఊరుకోను.

అన్నట్టు, రెండో టిక్కెట్టుకి పేరింకా ఇవ్వలేదు. మా చెల్లి ఖాళీగానే ఉందట. సాయంత్రం వచ్చి, సింకులో గిన్నెలు చూశాక ఇస్తాను.