పచ్చ డబ్బాలో తలంబ్రాలు

ఏమండీ, అమ్మ కంటి ఆపరేషన్‌కు ఏడు గంటల బస్సులో ఖమ్మం పోతున్నా. మీ చిన్నాన్న వాళ్లు తొమ్మిది మంది పదకొండింటికి దిగుతారు. ఈ ఎండాకాలంలో ఇది ఆరో దండు. పప్పు, చారు చేసి పెట్టాను. అన్నం మీరే వండాలి, వాళ్లలో ఒక్కరూ గిన్నె ముట్టుకోరు. కూలర్ ముందు మంచం కోసం కొట్టుకుంటే కొట్టుకోనివ్వండి.

పోయేటప్పుడు రాములవారి తలంబ్రాలు అడుగుతారు. వంటింట్లో పచ్చ డబ్బాలోవి ఇవ్వండి. అవి రేషన్ బియ్యం, పసుపూ గులాలూ నేనే కలిపాను. మొన్న మీ వదిన వాటినే కళ్లకద్దుకుని, "చెల్లె, గిది అచ్చం గుళ్లె వాసనే!" అన్నది. తను గుడికి మాత్రం పోలేదు. క్యూ పెద్దగా ఉందట.

అసలువి ఒక్క పొట్లమే మిగిలింది, దేవుడి అరలో ఉంది. దాన్ని వాళ్ల కంట పడనివ్వకండి. అది అడవి నుంచి తునికిపండ్లు తెచ్చే జంపక్కకు. గురువారం ఆమె బిడ్డ పెళ్లి. ఈ ఇంట్లో తిన్న పళ్లెం తనే కడిగిపెట్టింది ఆమె ఒక్కతే.

మర్చిపోయా, జంపక్క రేపొస్తుంది. వసారాలోంచే పంపేయకండి, లోపల కూర్చోబెట్టండి. కుర్చీ ఖాళీ లేకపోతే మీ చిన్నాన్నను లేపండి.