సులోచనకు ఏమేం వచ్చో చెప్పండి

సులోచన నాయినకు,

వరసలో చోటు పట్టడానికి నేను ముందుగా వర్లి బడికి వెళ్తున్నాను. మీరు డ్యూటీ నుంచి రాగానే పక్కింట్లో ఉన్న పిల్లను తెచ్చుకుని అన్నం పెట్టి, పదకొండు లోపల తీసుకురండి. పప్పు కలపకండి, పక్కన పెట్టండి. కలిపితే కంచం నెట్టేస్తుంది. ఫాక్‌లాండ్ రోడ్డు మీదుగా వద్దు. హారన్లకు చెవులు మూసుకుని అక్కడే కూలబడుతుంది.

మొన్న పిల్లకు ఏమేం వచ్చని టీచర్ అడిగితే మీరేమన్నారు? "మా పిల్లకేం రాదమ్మా, ఏం తెల్వది." దిష్టి తగులుతుందని మీ అమ్మ నేర్పిన మాట అది. టీచర్ నిజమనుకుని ఫారంలో అదే రాసి, చేర్చుకోలేమంది. బతిమాలితే ఈరోజు మళ్లీ చూస్తానంది. మునిసిపల్ బడి వాళ్లు పంపేసి మూడేళ్లయింది. ఇలాంటి పిల్లలకు చదువు చెప్పే బడి మనకు ఇదొక్కటే దొరికింది.

రాసుకుంది మీ మాటే కాబట్టి ఈసారి మీరే అన్నీ చెప్పండి. గల్లీలో బోర్డులన్నీ చదువుతుంది. బీడీలు ఇరవై అయిదేసి కట్ట కడితే ఒక్కటీ తగ్గదు. నేను కట్టినవాటిలోనే తప్పులు పట్టి విప్పేస్తుంది. అదీ చెప్పండి, నాకేం సిగ్గు లేదు.

రత్నాబాయి

దిష్టి తగిలితే సాయంత్రం ఉప్పుతో నేనే తీస్తాను. మన పిల్లను చూసి ఒక్కరికైనా, ఒక్కసారైనా కళ్లు కుట్టాలని నాకెంత ఆశో మీకు తెలియదు.