నీ ఎర్రచేపకి నేను చేసిన పని

సత్యవతీ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నీ గాజుతొట్టిలో ఎర్రచేప ఒక్కటే మిగిలింది. ఇన్నాళ్లూ నాకు కోడలి మీదే అనుమానం. అద్దాలకి పట్టిన నాచు గీకేసేది, ఎండ తగలకుండా తొట్టికి దుప్పటి కప్పేది. చేపని చంపి అక్కడ ఫ్రిజ్ పెడదామని చూస్తోందనుకున్నా. ముప్పై ఏళ్లు చేపల చెరువులు చేసినోణ్ణి, నీళ్లు పచ్చబడితేనే చేప పెరుగుద్దని నాకు తెలీదా? అందుకే తను చూడకుండా దుప్పటి తీసేసి, చెరువులో వేసినట్టే కాస్త పేడ కలిపాను.

ఇవాళ తెల్లారేసరికి చేప పైకి తేలి నోరు తెరుస్తోంది. గాలి అందకపోతే చెరువులో చేపలూ అంతే. భయమేసి కేకేశాను. కోడలు పరిగెత్తుకొచ్చి సగం నీళ్లు మార్చి, గాలి మోటారు పెట్టింది. చేప బతికింది.

"మావయ్యగారూ, దుప్పటి ఎవరు తీశారండీ?"

"నాకేం తెలుసు? పిల్లి లాగేసుంటది."

"పేడ కూడా పిల్లే కలిపిందాండీ?"

కండువా దులుపుకుని అరుగు మీదకొచ్చేశా. అప్పట్నుంచీ నావంకే అనుమానంగా చూస్తోంది. ఆ పిల్ల అనుమానం నిజమే. ఒప్పుకుంటే నా పరువేం గాను? నీ దగ్గర నాకెప్పుడూ పరువు లేదుగా, అందుకే నీకు రాస్తున్నా.